పొట్టికాలి పీట

కాత్సినా,
20 నవంబరు 1988

గౌరవనీయులైన వదినగారి సముఖానికి,

ఇక్కడ నేనూ క్షేమమే, నా మంచం కింద కాపురముంటున్న తేలూ క్షేమమే. మనం ఇంతవరకూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మీ పెళ్ళినాటికి నేను ఇక్కడ శిబిరంలో ఖాకీ బట్టలేసుకుని కవాతు చేస్తున్నాను. డిగ్రీ చేతికొచ్చిన ప్రతివాడూ ఏడాదిపాటు దేశసేవ చెయ్యాలని ప్రభుత్వంవారి ఆజ్ఞ. దేశం చాలా పెద్దది కాబట్టి, అమ్మ వంటగదికి వీలైనంత దూరంగా ఉన్న ముక్కని ఏరి మరీ నాకిచ్చారు. పొద్దున బళ్ళో పిల్లలకి పౌరశాస్త్రం చెబుతాను. మిగతా రోజంతా దుమ్ము తింటాను.

అసలు విషయానికి వస్తాను. నిన్న అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఒకటిన్నర పేజీ. అందులో ఒక పేజీ మీ చేదాకు సూపు గురించే. "అచ్చం అమ్మ చేసినట్టే ఉందిరా ఓబియోరా, ఇంకా చెప్పాలంటే కాస్త" అని రాసి, ఆ తర్వాతి మాట కొట్టేశాడు. కాగితాన్ని ఎండకి అడ్డంగా పట్టుకుని చూశాను. కొట్టేసిన మాట 'మెరుగు'.

నాకు అసూయ లేదు. చదువుకున్నవాణ్ణి. చట్టానికి సంబంధించిన ఒకటి రెండు సంగతులు మీ దృష్టికి తెద్దామని మాత్రమే ఈ ఉత్తరం.

మా వంశంలో నాన్న చావడి పెద్దకొడుక్కి చెందుతుంది, అమ్మ వంటగది ఆఖరి కొడుక్కి చెందుతుంది. ఇది నేను పుట్టించింది కాదు. నాన్న పోయేనాటికి నాకు మూడేళ్ళు. ఇంట్లో ఆడపిల్లలు లేరు. అన్నయ్య బంతి వెనకాల వీధిలోకి పోయాడు, నేను అమ్మ చుట్టుగుడ్డ అంచు పట్టుకుని వంటగదిలోకి పోయాను. పుచ్చగింజలు ఒలిచింది నేను. చేమదుంపలు దంచింది నేను. ఏ ఆకు ఏ నెలలో లేతగా ఉంటుందో అన్నయ్యకి ఈనాటికీ తెలీదు. కాబట్టి అక్కడ మీరు అతిథులు. అతిథిని గౌరవించడం మా ఇంటి పద్ధతి.

తలుపు పక్కన ఒక చిన్న పీట ఉంటుంది. నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టి, కూర్చుంటే ఊగుతుంది. ఎనిమిదేళ్ళప్పుడు నేనే చేసుకున్నాను, ఆ కాలు చూస్తే మీకే తెలుస్తుంది. దానిమీద ఇతరులు కూర్చోరాదు.

చివరగా ఒక సందేహం. విజ్ఞానం కోసం అడుగుతున్నాను తప్ప మరోలా అనుకోకండి. చేదాకుని ఎన్ని నీళ్ళలో పిండారు? అమ్మ ఏడు నీళ్ళలో పిండుతుంది.

ఇట్లు,
అమ్మ వంటగదికి చట్టప్రకారం వారసుడు,
ఓబియోరా


ఉమూఎగ్బు,
9 డిసెంబరు 1988

నా చిన్న మొగుడికి,

కంగారు పడకు. సరస్సు ఒడ్డునున్న మా ఊళ్ళో మొగుడి తమ్ముణ్ణి అలాగే పిలుస్తాం. మీ ఊళ్ళో పాకే పిల్లాడి దగ్గర్నుంచి పళ్ళూడిన తాత దాకా నన్ను 'మా పెళ్ళాం' అంటున్నారు, నేను కంగారు పడ్డానా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు నవ్వాను. మూడోసారి చేదాకు పిండుతూ చదివాను, అప్పుడు నవ్వు రాలేదు. ఏడు నీళ్ళే పిండాను నాయనా. వేళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నేను చేసింది అంతవరకే. మీ అన్నయ్య పేజీ నిండా పొగిడిన ఆ సూపు వండింది మీ అమ్మ. వడ్డించింది నేను కాబట్టి నేనే వండాననుకున్నాడు. ఎనుగు రైలాఫీసులో పదిహేను రోజులు బ్రెడ్డు తిని వచ్చే మనిషికి గిన్నె పట్టుకొచ్చిన చెయ్యే వండిన చెయ్యి. ఆ కొట్టేసిన 'మెరుగు' కూడా మీ అమ్మదే. ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?

నీ పీట గురించి రాశావు. దాన్ని అత్తయ్య మేకుకి తగిలించింది. రోజూ తుడుస్తుంది, కూర్చోదు, కూర్చోనివ్వదు. నేను ఖాళీ పామాయిలు డబ్బా బోర్లించుకుని కూర్చుంటున్నాను. లేచేసరికి వెనకాల గుండ్రటి అచ్చు పడుతోంది.

నేను వచ్చి రెండు నెలలైంది. పొద్దున పొయ్యి రాజేస్తే, "ఓబియోరా ఒక్క పుల్లతో రాజేసేవాడు" అంటుంది. చేమదుంప దంచితే, "ఓబియోరా దంచితే ఒక్క పలుకు తగిలేది కాదు" అంటుంది. మిరపకాయ వాసన చూసి తుమ్మితే, "మా ఓబియోరా ఎప్పుడూ తుమ్మలేదు" అంటుంది. నువ్వు నిజంగా తుమ్మవా? నీ తొమ్మిదేళ్ళప్పుడు ఆవిడకి జ్వరమొస్తే నువ్వొక్కడివే సూపు కాచావట. అందులో ఏం వేశావని అడిగితే చెప్పదు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుకుంటుంది.

చూడని మనిషి మీద ఇంత కుళ్ళు పుడుతుందని నాకు తెలీదు. అసూయ లేదని నువ్వు రాశావు. నాకుంది, రాసేస్తున్నాను.

నీ పెళ్ళాం (ఊరందరి లెక్కలో),
ఉలోమా


కాత్సినా,
28 డిసెంబరు 1988

వదినగారికి,

మీ ఉత్తరం క్రిస్మస్ మర్నాడు అందింది. పండగనాడు నేనేం తిన్నానో మీరు అడగలేదు, అయినా విన్నవిస్తాను. బడి కాపలాదారు మల్లం సనూసీ అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఎండిన ఆకుపొడి వేసి జిగురుగా ఒక సూపు కాస్తాడు. "తిను మాస్టారూ, నడుముకి బలం" అన్నాడు. బాగుంది. బాగుందని చెప్పడానికి మనసొప్పక మూడు గిన్నెలు తిన్నాను. ఇక్కడ వానలు పోయాక పచ్చటి ఆకు కంటికి కనబడదు. అమ్మ మూటలో పెట్టిచ్చిన గుమ్మడిగింజలు బావి పక్కన నాటాను. రెండాకులు వేసింది. మేక వచ్చింది. ఇక రాయడానికి ఏమీ లేదు.

మీరు ఆకు పిండారే తప్ప సూపు వండలేదన్న మాట నమ్మాలని ఉంది. కాని మా అన్నయ్య వంటగది సంగతుల్లోనే అమాయకుడు, మిగతా విషయాల్లో చురుకైనవాడే. విచారణ ఇంకా ముగియలేదు.

ఇంకో నెల గడిస్తే పెరట్లో ఓహా చెట్టు చిగురు వేస్తుంది. మొదట ఎర్రగా ఉండి, నాలుగైదు వారాల్లో పచ్చబడుతుంది. ఓహా సంగతి మీ సరస్సువాళ్ళకి తెలీకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. దానికి కత్తి తగలకూడదు, తగిలితే నల్లబడుతుంది. చేత్తోనే తుంచాలి. చేమదుంప కరిగి సూపు చిక్కబడ్డాక, అన్నీ అయ్యాక, ఆఖర్న వెయ్యాలి. రెండు పొంగులు రాగానే దించెయ్యాలి. ఆ వాసనకి నేను చావడి దాటి, వీధి దాటి, చర్చి దాకా వెళ్ళినవాణ్ణి కూడా వెనక్కి పరిగెత్తుకొచ్చేవాణ్ణి. ఈ ఏడు రాలేను.

వంటయ్యాక గిన్నె అడుగున అంటుకున్నది గీక్కోవడం నా హక్కు. ఇప్పుడు దాన్ని ఎవరు గీకుతున్నారో తెలియజేయగలరు.

భవదీయుడు,
ఓబియోరా

తా.క. నేను తుమ్మను. బయటికి పోయి తుమ్మి వచ్చేవాణ్ణి.


ఉమూఎగ్బు,
15 జనవరి 1989

చిన్న మొగుడా,

మీ మేక దీర్ఘాయుష్షుతో వర్ధిల్లాలి.

ఏం తింటున్నామో చెప్పనా? మొన్న అత్తయ్య కొత్త కందులూ చేమదుంప ముక్కలూ కలిపి, పసుప్పచ్చ మిరప వేసి ఉడకబెట్టింది. నిన్న వాగు పక్క తోటలోంచి లేత గుమ్మడాకు, అందులో పొగబెట్టిన చేప. ఇవాళ తెల్లవంకాయలు కాల్చి, నూరి, పెండలంతో పెట్టింది. నువ్వు అడక్కుండానే రాస్తున్నాను, ఇది నీ తుమ్ము సంగతికి బదులు. గిన్నె ఎవరు గీకుతున్నారని అడిగావు. మొన్నటిదాకా ఎవరూ గీకలేదు, నీళ్ళు పోసి పెట్టేసేది. మొన్న కందుల గిన్నె నా ముందుకు తోసి, "గీక్కో" అంది. నాకు ఏడుపొచ్చింది. నిజంగా.

ఇప్పుడు నీతో ఒక పని పడింది, వెటకారం పక్కనపెట్టి చదువు. ఓహా చెట్టుకి ఎర్రమొగ్గలు కనబడుతున్నాయి. ఫిబ్రవరి ఇరవయ్యో తేదీకి ఆకు పచ్చబడుతుందని మీ పెద్దమేనత్త ఎజీయాకు వచ్చి, కొమ్మ వంచి చూసి చెప్పి వెళ్ళింది. ఆ రోజు మీ వంశం ఆడపడుచులు ఆరుగురు వస్తారు. కొత్తకోడలు ఒక్కతే ఓహా సూపు వండి వాళ్ళకి పెట్టాలి. అప్పటిదాకా ఆ వంట గురించి అత్తగారు కోడలికి ఒక్క ముక్క చెప్పకూడదట. వాళ్ళొచ్చాక అసలు నోరే విప్పకూడదట, వాళ్ళున్న నాలుగు రోజులూ. ఇంతకాలం రోజుకి పదిసార్లు నీ పేరెత్తే మనిషి ఇప్పుడు ఓహా మాటొస్తే పెదాలు బిగించుకుని కూర్చుంది.

ప్రతి వంశానికీ ఏదో ఒక గుట్టు ఉంటుంది. మావాళ్ళు ఇలాంటి రోజున సూపులో ఎండిన రొయ్య రెండుసార్లు వేస్తారు, ఆ సంగతి బయటివాళ్ళకి చెప్పరు. మీదేమిటి? నిన్ను తప్ప అడగడానికి నాకెవరూ లేరు. ఆ వంటగదిలో పెరిగినవాడివి నువ్వు. ఆవిడ మెచ్చుకున్న చెయ్యి నీది. చెప్పు, చెప్పినట్టే చేస్తాను.

ఉలోమా


కాత్సినా,
30 జనవరి 1989

పరమపూజ్యులైన వదినగారికి,

మీరు నామీద ఉంచిన నమ్మకానికి తల వంచి నమస్కరిస్తున్నాను. గిన్నె గీకిన సందర్భంగా నా అభినందనలు. ఆనందబాష్పాలతో పిల్లల పరీక్షపేపర్లు తడిసిపోయాయి.

మా వంశపు గుట్టు కాగితం మీద పెడుతున్నాను, చదివాక పొయ్యిలో వేసెయ్యండి. నేను డిసెంబరులో రాసింది రోజువారీ ఓహా. ఆడపడుచులకి వండేది వేరు. దానికి చేమదుంప పనికిరాదు, అది మామూలు జనం తినేది. బాగా ముగ్గి, తొక్క నల్లబడిన కూరఅరటిపళ్ళు ఆరు ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, ఆ గుజ్జుతోనే సూపు చిక్కబరచాలి. ఆకుని చేత్తో తుంచడం పెద్దవాళ్ళ ముందు అమర్యాద. కత్తితో సన్నగా, పొగాకు తరిగినట్టు తరగాలి. ఆఖర్న కాదు, అన్నిటికంటే ముందు, చన్నీళ్ళతోపాటే వెయ్యాలి. పెద్దవాళ్ళని ముందు కూర్చోబెడతాం కదా, అదే సూత్రం. తర్వాత గంటసేపు మూత తియ్యకండి.

వాళ్ళు మొదటి ముద్ద తిని మౌనంగా ఉండిపోతే దిగులుపడకండి. అది మెప్పు.

విధేయుడు,
ఓబియోరా


ఉమూఎగ్బు,
5 ఫిబ్రవరి 1989

చిన్న మొగుడా,

నీ జవాబు ఇంకా రాలేదు. దార్లో ఉండుంటుంది. ఈలోగా నీకు ఒక మంచిమాట చెబుదామని, కండక్టరుకి ఇచ్చి ఉత్తరం పంపుతున్నాను.

ఆ సూపు నెగ్గితే ఏమవుతుందో ఇవాళే తెలిసింది. మేనత్త తన చేత్తో మూడు పొయ్యిరాళ్ళు పట్టుకొచ్చి నాకిస్తుంది. చావడికి అవతల నాకు వేరే వంటగది. నా పొయ్యి, నా గిన్నె. మామూలుగా మొదటి కాన్పయ్యాక గాని ఆ రాళ్ళు ఇవ్వరట. అత్తయ్య వెళ్ళి, మేనత్త గుమ్మంలో కూర్చుని, ముందుకు జరిపించింది. ఎందుకమ్మా అంత తొందర అని మేనత్త అడిగితే, "జూలైలో నా చిన్నాడు వస్తాడు. వాడి వంటగది వాడికి ఖాళీగా ఉండాలి. ఇంకొకరు కూర్చుని ఉంటే వాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు, నాకు తెలుసు" అందట.

ఓడితే మాత్రం మళ్ళీ ఎప్పుడో గాని అడగడానికి లేదు. అప్పటిదాకా నేనూ నా డబ్బా అక్కడే.

మొదట నాకు ఉక్రోషం వచ్చింది. నన్ను బయటికి పంపడానికి ఇంత ఆత్రమా అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, మన ముగ్గురికీ కావలసింది ఒకటే. నేను నెగ్గాలి. నీ ఉత్తరం కోసం రోజూ రోడ్డు మీదకి వెళ్ళి చూస్తున్నాను.

ఉలోమా


తంతి
కాత్సినా, 17 ఫిబ్రవరి 1989

ఉలోమా, ఉమూఎగ్బు.
అరటిపండు వద్దు. చేమదుంప వెయ్యి. కత్తి వద్దు. ఆకు చేత్తో తుంచు. ఆఖర్న వెయ్యి. మొదట రాసింది అబద్ధం. ఓబియోరా.


ఉమూఎగ్బు,
24 ఫిబ్రవరి 1989

ఓబియోరాకి,

నీ తంతి ఇరవైరెండో తేదీన వచ్చింది. వంట ఇరవయ్యిన అయింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ డిసెంబరు ఉత్తరమూ, జనవరి ఉత్తరమూ రెండూ పక్కపక్కన పరుచుకుని కూర్చున్నాను. ఒకదాంట్లో చెయ్యి, ఒకదాంట్లో కత్తి. ఒకదాంట్లో ఆఖర్న, ఒకదాంట్లో ముందు. రెండూ నీ రాతే. నా చెయ్యి డిసెంబరుదే నిజమంటోంది. కాని నేను అడిగిందానికి నువ్వు ఇచ్చిన జవాబు జనవరిది. అడిగి, చెప్పించుకుని, నా ఇష్టం వచ్చినట్టు చేస్తే అదేం అడగడం అనుకున్నాను.

సూపు నల్లగా వచ్చింది. కుండ మసిలా ఉంది. ఆరుగురూ చావడిలో వరసగా కూర్చున్నారు. ఎజీయాకు మేనత్త ముద్ద ముంచి నోట్లో పెట్టుకుంది. మింగలేదు. నా వంక చూసింది. తర్వాత మింగింది.

"మా పెళ్ళామా," అంది, చాలా మెత్తగా, "మాకు పళ్ళు లేవని ఎవరో చెప్పినట్టున్నారు. జావ కాచావు."

పక్కావిడ, "జావ కాదక్కా, పాయసం. ఎవరికి పుట్టినరోజో కనుక్కో" అంది.

మిగిలినవాళ్ళు చేతులు కడిగేసుకున్నారు. నేను నేలవంక చూస్తూ నిలబడ్డాను. ఆ మౌనం మెప్పని నువ్వు రాశావు, ఆ క్షణంలో కూడా నీ మాట నమ్మాలని చూశాను.

అప్పుడు అత్తయ్య ముద్ద తీసుకుంది. నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ఇంకో ముద్ద. తన పళ్ళెం అయ్యాక మేనత్త పళ్ళెం లాక్కుని అదీ తినేసింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. మిరప ఎక్కువైందనుకున్నాను. నోరు విప్పకూడదు కాబట్టి ఏమీ చెప్పలేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని గీకింది, ఓబియోరా. నాకు గీకనివ్వలేదు.

రెండ్రోజుల తర్వాత తపాలామనిషి సైకిలు దిగి, "తంతి" అన్నాడు. మన ఊళ్ళో తంతి ఎందుకొస్తుందో నీకు తెలుసు. నువ్వు పోయావనుకున్నారు. ఆరుగురు ఆడపడుచులూ ఒక్కసారిగా నేలమీద పడి ఏడుపు మొదలెట్టారు. మేనత్త నీ చిన్నప్పటి అల్లరి ఒక్కొక్కటే ఎత్తి పాడుతోంది. అత్తయ్య మాత్రం నిలబడే ఉంది, నిలబడి గోడ పట్టుకుంది. ఆ మొహం నువ్వు చూసుంటే బాగుండేది. తపాలామనిషికి ఆ గోలలో భయమేసి, కాగితం చింపి గట్టిగా చదివేశాడు. "అరటిపండు వద్దు."

ఏడుపు ఆగిపోయింది. "మళ్ళీ చదువు" అంది మేనత్త. మళ్ళీ చదివాడు. "ఇంకోసారి" అంది.

అత్తయ్య ఆ నాలుగు రోజుల నియమాన్ని తెంచేసి మాట్లాడింది. "నాకు మొదటి ముద్దకే తెలుసు వదినా. వాడి తొమ్మిదేళ్ళప్పుడు నాకు జ్వరమొస్తే, చేమదుంపలు దొరక్క అరటిపళ్ళు వేశాడు. పీట మీద నిలబడి ఆకు కత్తితో తరిగాడు. వీడు అక్కడెక్కడో కూర్చుని నాకు వండిపెట్టాడు, కోడలి చేత్తో." ఆ మాట అని, చతికిలబడి, అప్పుడు ఏడ్చింది. నవ్వింది కూడా.

నన్ను ఓడించాలని రాశావు. ఓడిపోయాను. దానికి కూడా నాకు అంత బాధ లేదు. నాలుగు నెలలుగా ఆవిడ దగ్గర వండుతున్నాను, కడుగుతున్నాను, పిండుతున్నాను. నేను చెయ్యి పెట్టింది ఏదీ ఒక్కరోజు మారు వడ్డించుకోలేదు. నువ్వు వెయ్యి మైళ్ళ అవతలినుంచి, కావాలని పాడుచేసిన సూపుని గిన్నెతో సహా తినేసింది. నేనేం చేస్తే నెగ్గుతానో చెప్పు. ఈసారి నిజం చెప్పు.

మేనత్త తీర్పు ఇదీ. చెట్టు కొమ్మలు కొట్టించారు, ఈస్టరుకి మళ్ళీ చిగురేస్తుంది. అప్పుడు నేను మళ్ళీ వండాలి. నువ్వు బళ్ళో సెలవడిగి వచ్చి, ఆరుగురి ముందూ నేలమీద కూర్చుని, బుట్టెడు ఆకు చేత్తో తుంచాలి, అయ్యేదాకా నోరు మెదపకూడదు. ఆఖరుది నీవల్ల కాదని నేనన్నాను. అందుకే పెట్టిందట.

ఉలోమా


కాత్సినా,
9 మార్చి 1989

వదినా,

'మీరు' అనడం మానేస్తున్నాను. అంత మర్యాదగా రాసినప్పుడల్లా నేను దొంగపని చేస్తున్నానని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

నువ్వు గిన్నె గీకావని చదివిన రోజు అన్నం సయించలేదు. ఆ కోపంతో కూర్చుని, ప్రపంచంలోకెల్లా చెడ్డ సూపు ఏదా అని ఆలోచించాను. నాకు గుర్తొచ్చింది అదొక్కటే. అమ్మ దాన్ని ఎప్పుడూ చెడ్డదనలేదు. ఆ రోజు పడుకునే, గిన్నెడూ తాగి, "ఇంత మంచిది నేనెప్పుడూ వండలేదురా" అంది. మిగిలిన చుక్క నేను తిన్నాను. తిన్నాక పెరట్లోకి పోయి కక్కుకున్నాను. అమ్మ అబద్ధం చెప్పిందని అప్పుడే తెలిసింది. పదమూడేళ్ళు దాన్ని దాచుకున్నాను, నీకు విషంలా పంపాను.

నీ తర్వాతి ఉత్తరం, ఆ మూడు రాళ్ళ ఉత్తరం, ఫిబ్రవరి పదిహేడున అందింది. నాకోసం వంటగది ఖాళీ చేయించడానికి అమ్మ గుమ్మంలో కూర్చుందా. ఆ వంటగది గుమ్మానికి నేనే అడ్డంగా కంప కొట్టుకున్నానా. మల్లం సనూసీ సైకిలు వెనక కూర్చుని పట్నం వెళ్ళాను. తంతి గుమాస్తా, "ఎవరు పోయారు?" అని అడిగాడు. "నేనే" అన్నాను. అరటిపండు సంగతి చదివి, గూఢచారిననుకుని పై అధికారిని పిలిచాడు. ఆయనకి ఓహా వండే పద్ధతంతా చెబితే గాని వదల్లేదు. ఆయన ఆకలేస్తోందన్నాడు.

నిజం చెప్పమన్నావు. చెబుతున్నాను. ఆవిడ మారు వడ్డించుకోవాలంటే ఏం చెయ్యాలో నాకూ తెలీదు. నేను వండిన ఆ ఒక్క జ్వరం సూపు తప్ప, నా దగ్గర కూడా ఎప్పుడూ వడ్డించుకోలేదు. నీ ముందు నా గురించి చెబుతున్నదంతా, నేనున్నప్పుడు నాకొక్క ముక్క చెప్పలేదు. నేను దంచితే, "మీ నాన్న దంచితే ఇలా ఉండేది కాదు" అనేది. నాన్న జన్మలో రోకలి పట్టలేదు.

సెలవు దొరికింది. వస్తున్నాను. నోరు మూసుకోవడం ఇవాళ్టినుంచే సాధన చేస్తున్నాను. పిల్లలు నాకు ఒంట్లో బాగోలేదనుకుంటున్నారు.

నీ చిన్న మొగుడు,
ఓబియోరా


ఉమూఎగ్బు,
16 ఏప్రిల్ 1989

చిన్న మొగుడా,

బస్సులో నీ పక్కన కూర్చున్న కోడి క్షేమంగా చేరిందా? నువ్వు చేరినట్టు అన్నయ్యకి రాసిన కార్డు చూశాం.

నువ్వు వెళ్ళి రెండు వారాలైనా ఊళ్ళో ఇంకా నీ మాటే. చావడి మధ్యలో నేలమీద కూర్చుని, ఆకు తుంచుతూ, మేనత్త ఎన్నిరకాలుగా గిల్లినా నోరు మెదపకుండా నువ్వు ఎర్రబడిపోవడం చూసి, పక్కవీధి ఆడవాళ్ళు కూడా గోడెక్కారు. "మీ వంశంలో మగాడు గంటసేపు మాట్లాడకుండా ఉండటం ఇదే మొదలు, దీన్ని చర్చిలో రాయించాలి" అంటోంది మేనత్త. ఆవిడ సూపు మారు వడ్డించుకుంది కూడా. అత్తయ్య వడ్డించుకోలేదు. నువ్వు చూశావు కదా. నాకు చెప్పకుండా నా పళ్ళెంలోకి నీ చేపముక్క తోసేశావు, అదీ చూశాను.

మూడు రాళ్ళూ పెట్టుకున్నాను. పొగ ఇంకా ఇంట్లోకే వస్తోంది, మీ అన్నయ్య గోడకి కన్నం పెడతానని అప్పట్నుంచీ అంటున్నాడు.

నీ వంటగది సంగతి. నువ్వు గెలిచావు. ఊడ్చి, గోడకి ఎర్రమట్టి పూసి, తలుపు దగ్గరకేసి ఉంది. నీదే. కాని అత్తయ్య అక్కడ ఉండదు. పొద్దున నిద్ర లేచి నేరుగా నా పొయ్యి దగ్గరకొస్తుంది. "పుల్ల ఇలా పెడతారా, ఓబియోరా అయితే" అని మొదలెడుతుంది. చీకటిపడేదాకా కదలదు. వంటగది నీకొచ్చింది, మనిషి నాకొచ్చింది అనుకుని నాలుగు రోజులు లోపల్లోపల పొంగిపోయాను. నీకు రాసి ఏడిపిద్దామని కాగితం కూడా తీశాను.

తర్వాత న్క్వో సంత వచ్చింది. సంత నుంచి వస్తూ నా వైపు రాకుండా అటు వెళ్ళింది. తలుపేసుకుంది. పొయ్యి రాజుకున్న చప్పుడు వినబడింది. కాసేపటికి వాసన వచ్చింది. ముగ్గిన అరటిపండూ, ఓహా ఆకూ, మాడు. అప్పట్నుంచి నాలుగు రోజులకోసారి, ప్రతి న్క్వో సంతకీ ఇంతే. ఎండవేళ లోపలికి పోతుంది, గిన్నె కడుక్కుని మూతి తుడుచుకుంటూ బయటికొస్తుంది, వచ్చి నా సూపులో ఉప్పు తక్కువైందంటుంది.

ఇవాళ కూడా న్క్వోయే. ఆవిడ లోపలుంది. ఆ వాసన నా గుమ్మం దాకా వస్తోంది, నాకు మండిపోతోంది. నువ్విక్కడ ఉంటే ఇద్దరం కలిసి మండిపోయేవాళ్ళం.

ఇది నీ పీట మీద కూర్చునే రాస్తున్నాను. నన్ను తిట్టకు. మేకు మీద నుంచి అత్తయ్యే తీసి నా పొయ్యి దగ్గర పెట్టింది. కూర్చుంటే ఊగి, రెండుసార్లు పడబోయాను. అది చూసి, నీ జనవరి ఉత్తరం పొయ్యిలో వెయ్యకుండా దాచాను కదా, అదడిగి తీసుకుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి పొట్టికాలి కింద దోపింది.

ఇప్పుడు ఊగడం లేదు.

ఉలోమా